పసుపు హెల్మెట్‌లో ఉప్పు

పదకొండు మ్యాచ్‌లుగా ఫ్లూరిన్ ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఐస్ హాకీలో అతనిది ముందు వరస. గోల్ కొట్టడమే ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాడు. స్విట్జర్లాండ్‌లో మూడు క్లబ్బులు మారాడు. చివరికి ముప్పై రెండో ఏట పసుపు హెల్మెట్ అతని తలమీదికి వచ్చింది.

ఆ దేశపు లీగ్‌లో అదొక ఆచారం. జట్టులో ఎవరికి పాయింట్లు ఎక్కువుంటే వాళ్ళు పసుపు హెల్మెట్ పెట్టుకుని ఆడాలి. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, దానికి ముందు పాస్ ఇచ్చిన చివరి ఇద్దరికీ చెరొకటి. మిగతా ఆటగాళ్ళ హెల్మెట్లు జట్టు రంగులోనే ఉంటాయి. ఎవరిని పట్టుకోవాలో అవతలి జట్టుకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. గౌరవమంటే అలా ఉంటుంది మరి.

అవతలివాళ్ళు పట్టుకున్నారు. ఫ్లూరిన్ ఎటు వెళితే అటు ఇద్దరు. సీజన్ మొదట్లో కూడబెట్టిన పాయింట్ల పుణ్యమా అని హెల్మెట్ ఇంకా ఉంది గానీ, గోల్ మాత్రం లేదు. జట్టు వరసగా ఓడుతోంది.

"ఇంకో రెండు మ్యాచ్‌లు చూస్తాను. ఇలాగే ఉంటే మూడోదానికి నువ్వు ప్రేక్షకుల్లో కూర్చుంటావు" అన్నాడు కోచ్.

ముప్పై రెండేళ్ళవాణ్ణి ఒకసారి పక్కన కూర్చోబెడితే మళ్ళీ లేపేవాళ్ళుండరు. ఫ్లూరిన్‌కు భయం వేసింది. ప్రాక్టీసు అవగానే సామాను సంచీ కారులో పడేసి, కొండమీద ఉన్న సొంతూరికి బయల్దేరాడు.

అక్కడ గియోన్ మాస్టారు ఉన్నారు. ఆరేళ్ళ ఫ్లూరిన్‌కు స్కేట్లు కట్టి మంచుమీద నిలబెట్టింది ఆయనే. ఊరి పిల్లలకు ముప్పై ఏళ్ళు హాకీ నేర్పి, మోకాళ్ళు ఇక చాలన్నాక మేకల్ని పెంచుకుంటున్నారు. రెండూ ఒకటే పని అంటారాయన.

దొడ్డి బయట గడ్డిమోపు కడుతూ, ఫ్లూరిన్ చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నారు.

"చేతులు కాలకముందే వచ్చావు, నయం" అన్నారు.

"ఇద్దరు మీదపడతారు మాస్టారూ. ఒక్కోసారి ముగ్గురు. వాళ్ళను ఎలా తప్పించుకోవాలో చెప్పండి. ఇంకా వేగం పెంచనా? బరువు తగ్గనా?"

"ఆ హెల్మెట్ తెచ్చావా?"

"కారులో ఉంది."

"పట్రా."

చూసి మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. మాస్టారు దాన్ని వెల్లకిలా తిప్పి, కోటు జేబులోంచి గుప్పెడు కల్లుప్పు తీసి అందులో పోశారు.

"ఇది పట్టుకుని లోపల ఆ మూల నిలబడు. పిలిచేదాకా రాకు."

"నేను వచ్చింది దీనికి కాదు మాస్టారూ..."

"నిలబడమన్నాను."

మేకలకు ఉప్పంటే ప్రాణం. మొదట ఒక ముసలి మేక వాసన పట్టింది. తర్వాత ఇరవై రెండూ వచ్చాయి. ఒకటి ముందుకాళ్ళు అతని గుండెమీద పెట్టింది. ఇంకొకటి తొడమీద కొమ్ముతో పొడిచింది. కోటు అంచు ఎవరి నోట్లో ఉందో తెలియలేదు. మ్యాచే నయమనిపించింది ఫ్లూరిన్‌కు.

పావుగంటకు మాస్టారు పిలిచారు. మేకల మధ్యనుంచి ఎలాగో బయటపడి వచ్చాడు.

"చూశారా, ఇక్కడా అదే గతి. అడుగు కదలనివ్వలేదు" అన్నాడు కోపంగా.

మాస్టారు చేతులకంటిన గడ్డి దులుపుకున్నారు. ఆయన వెనక పొడవాటి మేతతొట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిండుగా ఉంది.

"రోజూ నేను మోపు ఎత్తుకుని వస్తే ఇవి మీదపడి సగం గడ్డి తొక్కేస్తాయి. ఇవాళ ఒక్కటీ నా వంక చూడలేదు."

అంతే అని, కాఫీ పెట్టడానికి ఇంట్లోకి వెళ్ళారు.

ఫ్లూరిన్ తొట్టి వంక చూశాడు. హెల్మెట్ వంక చూశాడు. మేకలు దాన్ని అద్దంలా నాకి పెట్టాయి.

శనివారం మ్యాచ్‌లో ఫ్లూరిన్ పక్ కోసం, అదే బంతికి బదులుగా ఆడే రబ్బరు బిళ్ళ కోసం, పరిగెత్తలేదు. పక్ లేని వైపుకి, గోల్ పక్కన మూలకు వెళ్ళాడు. అలవాటు ప్రకారం ఇద్దరూ అతని వెంటే వచ్చారు. అతను ఆగితే వాళ్ళూ ఆగారు. అవతలి పక్కన నెవియో ఒంటరిగా మిగిలాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పాయింట్లలో ఫ్లూరిన్ తర్వాతివాడు. కొట్టాడు. కాసేపటికి అలాగే ఇంకొకటి కొట్టాడు. జట్టు గెలిచింది. ఆ తర్వాతి మ్యాచ్ కూడా గెలిచింది.

రెండు మ్యాచ్‌ల స్కోరు కాగితాల్లోనూ ఫ్లూరిన్ పేరు లేదు. కోచ్ కాగితాలు పక్కనపెట్టి వీడియో మొత్తం చూశాడు. మూడో మ్యాచ్‌కు పేర్లు చదివినప్పుడు మొదట చదివింది ఫ్లూరిన్ పేరే.

నెలాఖరుకు నెవియో పాయింట్లలో అతన్ని దాటేశాడు. ఫ్లూరిన్ తన చేత్తోనే హెల్మెట్ తీసుకెళ్ళి ఆ కుర్రాడి తలకు పెట్టి, పట్టీ బిగించాడు.

మంచు కరగడం మొదలయ్యాక మళ్ళీ కొండెక్కాడు.

"హెల్మెట్ ఏది?" అడిగారు మాస్టారు.

"నెవియోకు ఇచ్చేశాను."

"బాధగా ఉందా?"

"ఉంది మాస్టారూ. పద్నాలుగేళ్ళు ఎదురుచూశాను దానికోసం. ఇచ్చిన రోజు ఏడుపొచ్చింది."

మాస్టారు కాదనలేదు. ఓదార్చనూ లేదు. తన ఉన్ని టోపీ తీసి, జేబులో ఉన్న ఉప్పంతా అందులో పోశారు.

"మోపు నువ్వెత్తు. ఇవాళ ఉప్పు నేను పడతాను."

"మీ మోకాళ్ళు..."

"కంచెకు ఆనుకుంటాలే."

మేకలన్నీ అరుచుకుంటూ మాస్టారి మీద పడ్డాయి. ఫ్లూరిన్ మోపు భుజానికెత్తుకుని దొడ్డి నడిమధ్య నుంచే నడిచాడు. ఒక్క మేక కూడా తల తిప్పలేదు.