ఆనపపాదుకు పదివేలు

కందివలసలో ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు తవిటయ్య, నడిపివాడు గవరయ్య, కడగొట్టువాడు బంగారయ్య. ముగ్గురికీ కలిపి ఒక పెంకుటిల్లు, ఒక మేక, తవిటయ్య పెళ్ళాం సన్నెమ్మ చేతి వంట. అంతకు మించి ఆస్తి లేదు గానీ తెలివి మాత్రం బోలెడుందని ముగ్గురికీ గట్టి నమ్మకం.

"ఊళ్ళో వాళ్ళు ఒకటి చెబితే ఇంకోటి అనుకుంటారు. అందుకే ఇన్ని తగవులు. మనకా గొడవ లేదు. ఎంత చెబితే అంతే," అనేవాడు తవిటయ్య మీసం దువ్వుకుంటూ. తమ్ముళ్ళు తలూపేవారు. సన్నెమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆవిడకి పొయ్యి దగ్గర పనెక్కువ.

ఒకసారి పక్కింటి పైడితల్లి మేనకోడలి పెళ్ళికి వెళ్తూ, "అన్నా, నాలుగు రోజులు మా ఆనపపాదు చూస్తూ ఉండండి," అని చెప్పి వెళ్ళింది. అంతే, ముగ్గురూ పందిరి ముందు పీటలేసుకుని కూర్చున్నారు. ఒకడు అన్నానికి లేస్తే ఇద్దరు చూశారు. మూడో రోజు వాళ్ళ మేకే తాడు తెంపుకుని వచ్చి పందిరెక్కింది. పిందెలు తింది, ఆకులు తింది, తీగలు తింది, కిందికి దిగి మొదలు కూడా నమిలేసింది. ముగ్గురూ రెప్ప వాల్చలేదు.

పైడితల్లి తిరిగొచ్చి గుండె బాదుకుంది. "ఇదేంటన్నా! చూడమని మరీ మరీ చెప్పి వెళ్ళానే!"

"చూడకపోవడమేంటమ్మా?" తవిటయ్యకి కోపమొచ్చింది. "మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా చూశాం. ఎడమ పక్క నుంచి తినుకుంటూ వచ్చింది. మధ్యలో రెండుసార్లు తుమ్మింది కూడా."

ఇంకేముంది, తగవు సంస్థానం వారి చిన్న కోర్టుకెక్కింది. పైడితల్లి తరపు వకీలు లెక్క చెప్పాడు. పాదుకి నలభై కాయలు, కాయకి మూడొందల గింజలు, గింజకో పాదు, పాదుకి మళ్ళీ నలభై కాయలు. ఏడేళ్ళ పంట వచ్చేసరికి ఆ ఆనపకాయలు పెట్టడానికి సంస్థానంలో చోటు చాలలేదు. జడ్జిగారికి ఆ పూట పన్ను నొప్పి. ఇంక వినే ఓపిక లేక వెయ్యి రూపాయలు జరిమానా అని రాసిపారేశాడు. నెలలోగా కట్టకపోతే ఇల్లు వేలం.

ఆ ఇల్లు అమ్మితే నాలుగొందలు కూడా రావు. ఆ గోడలు తవిటయ్య తండ్రి తన కాళ్ళతో మట్టి తొక్కి లేపినవి. ఆ ఇల్లు పోతే తను ఎవరన్నదే తనకి తెలియదనిపించి, కోర్టు మెట్ల మీదే కూర్చుని భోరుమన్నాడు.

వాళ్ళ వకీలు జోగారావు మంచివాడు. భుజం తట్టాడు. "ఏడవకు తవిటయ్యా. సంస్థానం పుట్టినప్పుడే మూలశాసనం ఒకటి రాసుకున్నారు. తప్పుకు మించిన జరిమానా చెల్లదని అందులో స్పష్టంగా ఉంది. పెద్ద కోర్టుకి అప్పీలు చేద్దాం. ఈ జరిమానా మితిమీరిందని ఆ జడ్జిగారికి కనిపించేలా చూపిస్తే చాలు."

ఇంటికొచ్చి ముగ్గురూ ఆలోచనలో పడ్డారు.

"వెయ్యి రూపాయలంటే మితిమీరినట్టు కనిపిస్తోందా అన్నా?" అన్నాడు గవరయ్య.

"కనిపిస్తోంది గానీ, కొంచెంగా."

"మరి పదివేలైతే?"

"ఓహో! అప్పుడు కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తుంది!" అన్నాడు బంగారయ్య.

"నా తమ్ముళ్ళురా మీరు!" అని తవిటయ్య ఇద్దర్నీ కౌగిలించుకున్నాడు.

తెల్లారగానే ముగ్గురూ చిన్న కోర్టుకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "బాబుగారూ, తమరు వేసిన జరిమానా మాకు చాలదు. దయచేసి పదివేలు చెయ్యండి. మళ్ళీ మళ్ళీ అడగం."

జడ్జిగారికి పన్ను నొప్పి ఇంకా తగ్గలేదు. తనని వెక్కిరించడానికే వచ్చారనుకున్నాడు. అంతే, వెయ్యి కొట్టేసి పదివేలు రాశాడు. ముగ్గురూ దణ్ణం పెట్టి, ఊరికెళ్ళి ఇంటింటికీ బెల్లం ముక్క పంచారు.

జోగారావు సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పని చేశారయ్యా! అప్పీలు వినాలంటే జరిమానా ఎంతో అంత పూచీ ముందు కోర్టులో పెట్టాలి. వెయ్యికే దిక్కులేదు, ఇప్పుడు పదివేలకి పూచీ ఎక్కణ్ణుంచి తెస్తాను?"

సన్నెమ్మ మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, "ఆగు బాబూ. కట్టలేనంత వేశారని చెప్పుకోవాలంటే, అదంతా ముందు తెచ్చి పెట్టాలా? తేగలిగితే ఆ మాట చెప్పుకోవడం దేనికి?" అంది.

జోగారావు మజ్జిగ తాగడం మర్చిపోయాడు. "అదేనమ్మా నేను వాదించాల్సింది. ఈ పూచీ కూడా మితిమీరిందే అంటాను. సరే, ప్రస్తుతానికి ఉన్నది ఈ ఇల్లే కదా. సోమవారం కల్లా ఇంటిని పూచీగా కోర్టులో పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను," అని బండెక్కి వెళ్ళిపోయాడు. కాగితాలు పెట్టమని ఆయన ఉద్దేశం. ఆ మాట ఆయన చెప్పలేదు మరి.

ఇంకేముంది, ముగ్గురూ ఇంటి మీదికెక్కారు. పెంకులు దింపారు. దూలాలు ఊడదీశారు. తలుపులు, కిటికీలు, గోడలోని రాళ్ళు, ఆఖరికి సన్నెమ్మ పొయ్యి కూడా తవ్వి బళ్ళకెత్తారు. తొమ్మిది బళ్ళు. సోమవారం పొద్దున్నకి ఇల్లంతా పెద్ద కోర్టు వాకిట్లో కుప్ప పడింది. రాలిపోయిన గోడ మట్టిని బంగారయ్య గోనెల్లో వేసి తెచ్చాడు, ఒక్క పిడికెడు తక్కువైనా పూచీ చెల్లదేమోనని.

విలువ కట్టే గుమాస్తా కుప్ప చుట్టూ తిరిగాడు. "ఏమిటిది?"

"ఇల్లు బాబూ," అన్నాడు తవిటయ్య.

"దీనికి నేనేం విలువ కట్టను? ఇల్లు ఇల్లులా నిలబడి ఉంటే కదా!"

అంతే. ఐదు రోజుల్లో ఇల్లు నిలబెట్టేశారు. సరిగ్గా కోర్టు గుమ్మానికి అడ్డంగా. అక్కడే చోటుంది మరి. జవాన్లు అరవబోతే గవరయ్య, "మాది ఊరికే వచ్చిన ఇల్లు కాదు, పూచీ ఇల్లు," అని గదమాయించాడు. పూచీ కింద వచ్చిన సొత్తుని ముట్టుకుంటే ఏమవుతుందో జవాన్లకీ తెలియదు, ఊరుకున్నారు. అప్పట్నుంచి వకీళ్ళూ కక్షిదారులూ కోర్టులోకి వెళ్ళాలంటే సన్నెమ్మ వంటగదిలోంచే వెళ్ళేవారు. కొంతమంది పులుసు రుచి కూడా చూసి వెళ్ళేవారు.

గుమాస్తా మళ్ళీ వచ్చాడు. పట్నం నడిబొడ్డు, కోర్టు ఎదురుగా, నాలుగు వీధుల కూడలి. గజం ధర చూశాడు, వేళ్ళు లెక్కపెట్టాడు, విలువ పదివేల రూపాయలని రాసి సంతకం పెట్టాడు. స్థలం ఎవరిదని ఎవరూ అడగలేదు, అతనూ రాయలేదు. పూచీ సరిపోయింది, అప్పీలు విచారణకొచ్చింది. జోగారావు ఆ విలువ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.

కానీ సంస్థానం తరపు వకీలు లేచి ఆ కాగితమే ఎత్తి చూపించాడు. "మహాప్రభూ! పదివేల ఇంటికి యజమానులు వీళ్ళు. వీళ్ళకి పదివేలు మితిమీరిన జరిమానా ఎలా అవుతుంది?"

తవిటయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఊళ్ళో నాలుగొందలు చెయ్యని ఇల్లు ఇక్కడికొచ్చి తనకే ఎదురుతిరిగిందేమిట్రా భగవంతుడా అనుకున్నాడు.

పెద్ద జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కూడా వంటగదిలోంచే వచ్చారు, పంచెకి మసి అంటింది. "మూలశాసనం రాసినవాళ్ళు తప్పుకి దండన ఉండాలన్నారు. తప్పు చేసినవాణ్ణి నేలమట్టం చెయ్యమనలేదు. జరిమానా తప్పుని చూసి వెయ్యాలి, ఇంటిని చూసి కాదు. ఇక పూచీ సంగతి. ఎక్కువైందని మొరపెట్టుకోవడానికి ఆ ఎక్కువంతా ముందే తెమ్మంటే, బీదవాడికి ఈ కోర్టు తలుపు మూసినట్టే. పాదుకి రెండు రూపాయలు పైడితల్లికి ఇవ్వండి. పదివేలు కొట్టేశాను. పూచీ విడుదల."

ముగ్గురన్నదమ్ములూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. ఇల్లు నిలబడింది! తవిటయ్య ఆనందం పట్టలేక జవానుని కూడా ముద్దుపెట్టుకున్నాడు.

జడ్జిగారు వెళ్తూ వెళ్తూ వంటగదిలో పాలు కాచే దాలిగుంట తగిలి తూలారు. వెనక్కి తిరిగి వేలు చూపించి ఉరిమారు. "రేపు పొద్దున్న నేను వచ్చేసరికి ఈ ఇల్లు నా కంటబడిందా, ఆ పదివేలూ మళ్ళీ వేస్తాను!"

ఆయన అటు వెళ్ళగానే తమ్ముళ్ళు దిగాలుపడ్డారు. బళ్ళు ఎప్పుడో తిరిగి వెళ్ళిపోయాయి. రాత్రికి రాత్రి ఇల్లు విప్పేదెలా?

తవిటయ్య మాత్రం మీసం దువ్వాడు. "విప్పమని ఎవరన్నార్రా? ఆయనేమన్నారో అది చేద్దాం. హాయిగా పడుకోండి."

మర్నాడు పొద్దున్నే జడ్జిగారి గుర్రబ్బండి ఇల్లు ఇంకా కనిపించని వీధి మలుపు దాకా వచ్చింది. ముగ్గురూ ఎదురెళ్ళి సాష్టాంగపడ్డారు. "ఏరా, ఆ ఇల్లు..." అంటూ ఆయన బండి దిగబోయారు. అంతే. గవరయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు, బంగారయ్య తన తలపాగా విప్పి కళ్ళకి గంతలు కట్టేశాడు. తవిటయ్య ముడి వదులుగా ఉందేమోనని ఒకసారి లాగి చూసి, ఎంతో భక్తిగా ఆయన చెయ్యందుకుని ముందుకి నడిపించాడు.

"ఇంక మా ఇల్లు తమ కంటబడే ప్రసక్తే లేదు బాబుగారూ. నెమ్మదిగా రండి... ఆఁ, ఇక్కడ కాస్త తల వంచండి, మా చూరు కిందికుంటుంది."