నమిలిన బియ్యం సాక్ష్యం

ఫలానా రాజ్యమని చెప్పను, అక్కడివాళ్ళకి కోపమొస్తుంది. ఆ రాజ్యాన్ని ఉత్తుంగవర్మ అని ఒక మహారాజు ఏలేవాడు. ఆయనగారు తుమ్మినా సభంతా ఆహా ఓహో అనాల్సిందే!

ఒకనాడు మహారాణి ముక్కెర పోయింది. అంతఃపురంలో చీరలు మడతపెట్టే రావులమ్మ మీద అనుమానం పడింది. ఆస్థాన పండితుడు పినాకపాణి శాస్త్రి నిండు సభలో ఆమె నోట్లో గుప్పెడు బియ్యం పోయించి నమలమన్నాడు. వెనకాల తలారి కత్తెత్తి నిలబడ్డాడు. పాపం, రావులమ్మ ఉమ్మితే పొడిపొడిగా రాలింది.

"దొంగ నోరు ఎండిపోతుంది. ఇది శాస్త్రం!" అన్నాడు శాస్త్రి.

"అయితే చెయ్యి నరకండి," అన్నాడు రాజు.

రావులమ్మ ఘొల్లుమంది. విదూషకుడు గోనప్పకి ఒళ్ళు మండిపోయింది. అయినా పళ్ళికిలిస్తూ లేచాడు.

"శాస్త్రిగారూ, ఈ పరీక్ష ఎప్పుడైనా తప్పిందా?"

"ఒక్కనాటికీ తప్పలేదు. పొడిగా ఉమ్మిన ప్రతివాడూ దొంగే."

"దొంగేనని ఎలా తెలిసిందండీ?"

"పొడిగా ఉమ్మాడు కదయ్యా!"

"అబ్బో, ఎంత గట్టి రుజువు! మహాప్రభూ, దొంగతనం ఎరగని నోట్లో బియ్యం ఎలా తడుస్తుందో కూడా జనం చూడాలి కదా. అందుకు తమకన్నా తగినవారెవరు?"

రాజు ఉబ్బిపోయి గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. శాస్త్రికీ తప్పలేదు.

"ఒరే తలారీ, ఇలా రా!" అన్నాడు గోనప్ప. " పరీక్షన్నాక అందరికీ ఒకేలా జరగాలి. ప్రభువులకీ శాస్త్రిగారికీ వెనక కత్తెత్తి నిలబడు. పొడిగా ఉమ్మినవాళ్ళ చెయ్యి తీసెయ్, శిక్ష ప్రభువులు ఇందాకే చెప్పారు."

తలారి చెప్పింది చెప్పినట్టు చేసే రకం. వద్దందామంటే రాజుగారి నోటి నిండా బియ్యమాయె!

రాజు ఉమ్మాడు, పిండి రాలింది. శాస్త్రి ఉమ్మాడు, దుమ్ము లేచింది. ఎవరూ అడక్కుండానే తలారి కూడా ఇందాకటి నుంచి ఓ గుప్పెడు నములుతున్నాడు. వాడు ఉమ్మితే ముద్ద పడింది.

"ప్రభూ, శాస్త్రప్రకారం ఈ నలుగురిలో దొంగ కానివాడు తలారి ఒక్కడే. కత్తి వాడి చేతిలోనే ఉంది, వాడికేం భయం? మరి ముక్కెర తమరూ, శాస్త్రిగారూ, రావులమ్మా కలిసి పంచుకున్నట్టేనా? చేతులు వరసగా పెట్టిస్తారా?"

"ముందా కత్తి దించరా!" అని అరిచాడు రాజు. తర్వాత మీసాలకంటిన పిండి తుడుచుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కత్తి వెనకుంటే నా నోరే ఎండిపోయింది, రావులమ్మ నోరు ఎండదూ! ఇకమీదట నా సభలో బియ్యం సాక్ష్యం చెల్లదు."

మెళ్ళో ముత్యాలహారం తీసి గోనప్ప మెడలో వేశాడు. శాస్త్రి ఇంకా నోట్లో పిండి ఉమ్ముకుంటూనే ఉన్నాడు. రావులమ్మ కళ్ళు తుడుచుకుని గోనప్పకి దణ్ణం పెట్టింది, రెండు చేతులూ జోడించి.