పంతులమ్మ పాత చిందు

మనుషులు ఇంకా దారి కనిపెట్టని కొండల మధ్య ఒక గెడ్డ పారుతుంది. ఆ గెడ్డ ఒడ్డున, మద్దిచెట్ల నీడలో అడవి పిల్లల బడి ఉంది. గోడల్లేవు, గంట లేదు, అయినా ఆలస్యంగా వచ్చే పిల్ల ఒక్కటీ లేదు. అందుకు కారణం ఎలుగుబంటి బొంతమ్మ పంతులమ్మ. ఆవిడ పాఠం చెబుతుంటే కోతిపిల్ల కూడా కదలకుండా కూర్చుంటుంది. పంతులమ్మకి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఇంకేం కావాలి?

పుట్ట తవ్వడం, గాలిలో వాసన పట్టడం, పుట్టగొడుగుల్లో ఏది తినాలో ఏది వదిలెయ్యాలో చూసుకోవడం, అన్నీ ఆవిడే నేర్పేది. అన్నిటికంటే ముఖ్యమైన పాఠం గెడ్డ దాటడం. వానలు మొదలైతే ఆ గెడ్డ ఎవరి మాటా వినదు. ఈలోపే ఇరవై మూడుమంది పిల్లలూ ఏ రాయి తర్వాత ఏ రాయి మీద కాలు వెయ్యాలో నేర్చేసుకోవాలి. ఆ ఏడు సగం మందికే వచ్చింది. మబ్బులేమో అప్పుడే కొండ మీద కూర్చున్నాయి.

సరిగ్గా అప్పుడే గుంటనక్క గవరయ్యకి నీతి గుర్తొచ్చింది.

గవరయ్యకి ఒక బావమరిది ఉన్నాడు. పని చెయ్యడం ఇష్టం లేదు గానీ ఉద్యోగం అంటే మహా ఇష్టం. తన తమ్ముణ్ణి పంతుల్ని చెయ్యమని గవరయ్య పెళ్ళాం పొద్దస్తమానం పోరు పెడుతోంది. ఉన్న పంతులమ్మ వెళ్తేనే కదా కొత్త పంతులు వచ్చేది! గవరయ్య ఆలోచించాడు. బొంతమ్మ బడిలో చేసిన తప్పేమైనా దొరుకుతుందేమోనని నెలరోజులు వెతికాడు. దొరకలేదు. దాంతో ఆవిడ బడికి రాకముందు రోజుల్లోకి వెళ్ళి వెతికాడు.

ఒకరోజు పొద్దున్న కుందేలు చిట్టెమ్మ పిల్లని బడిలో దింపి, వెళ్ళకుండా అక్కడే తచ్చాడింది.

"పంతులమ్మ గారూ, ఒక మాట. ఏమీ అనుకోకండి."

"చెప్పు చిట్టెమ్మా."

"ఏడేళ్ళ కిందట ఇప్పపూల పండగలో... మీరు పులిసిన పూలు తిని, నడుం మీద చెయ్యేసుకుని చిందేశారట. నిజమేనా?"

బొంతమ్మ పకపకా నవ్వేసింది. "చెయ్యి కాదే, రెండు చేతులూ వేసుకున్నాను."

చిట్టెమ్మ నవ్వలేదు. "గవరయ్య ఊరూవాడా చెబుతున్నాడండీ. అలాంటావిడ దగ్గర పిల్లలేం బాగుపడతారని. రేపు కమిటీ పెట్టించాడు. మీరు కాదని ఒక్క ముక్క అనెయ్యండి, గొడవ వదిలిపోతుంది."

బొంతమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ పండగ సంగతి అందరికీ తెలిసిందే. వేసవి మొదట్లో ఇప్పచెట్ల కింద పూలు తెల్లగా రాలినప్పుడు అడవి అంతా ఒకచోట చేరుతుంది. ప్రతివాళ్ళూ అడ్డాకులు కుట్టుకుని మొహానికి కట్టుకుంటారు. ఎవరు ఎవరో అడగకూడదు, చెప్పకూడదు. ఆ ఏడు చిందు జోరు మీద ఉండగా బొంతమ్మ మొహం మీది ఆకు ఊడిపోయింది. ఆవిడ దాన్ని మళ్ళీ కట్టుకోలేదు. సంతోషంగా ఉంది, ఆడుతూనే ఉంది. అంతే జరిగింది.

కాదంటే పోయేదే. కానీ పొద్దున లేస్తే పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పే నోటితో ఆ మాట ఎలా అంటుంది? అనకపోతే బడి పోతుంది. ఆ రోజు పాఠం చెబుతున్నంతసేపూ ఆవిడ ఒక్కొక్క పిల్లనే చూసుకుంటూ కూర్చుంది. ఏడుపొచ్చింది. పుప్పొడి పడిందని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు బల్లపరుపు బండ మీద కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు అడవిదున్న అప్పలస్వామి మధ్యలో, పక్కన హెడ్‌మాస్టరు తాబేలు నూకయ్య. తల్లులూ తండ్రులూ చుట్టూ చేరారు. పిల్లలు పొదల వెనక నుంచి తొంగి చూస్తున్నారు.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "ప్రెసిడెంటు గారూ, నాకు పంతులమ్మ మీద ఏ కోపమూ లేదు. నా బాధంతా పిల్లల గురించే. తల్చుకుంటే అన్నం సయించడం లేదు."

"నిన్న మా పెరట్లో బాగానే సయించింది," అంది వెనకనుంచి అడవికోడి.

అందరూ నవ్వారు. గవరయ్య వినపడనట్టు ఊరుకున్నాడు.

"ఏం బొంతమ్మా, నువ్వు ఆడావా లేదా?" అన్నాడు అప్పలస్వామి, ఆవిడ వైపు చూడకుండా.

"ఆడానండీ. అప్పటికి నాకు బడి లేదు, పిల్లలు లేరు. ఎవరినీ ఒక దెబ్బ కొట్టలేదు, ఒక మాట అనలేదు. సంతోషం వచ్చి ఆడాను."

"విన్నారా!" అని గవరయ్య ఎగిరి గంతేశాడు. "తనే ఒప్పుకుంది!"

అప్పుడు నూకయ్య మెడ బయటికి చాపాడు. "గవరయ్యా, నువ్వా వేళ పండగలో ఉన్నావా?"

"నేనా! రామ రామ. అత్తారింట్లో ఉన్నాను. ఆ దరువు నా చెవిన పడితే స్నానం చేసి గానీ ఇంట్లోకి వెళ్ళను."

"మంచిది. మరి రూలు పెడితే గట్టిగా పెట్టాలి. ఒక్క ఆడినవాళ్ళకేనా? పాడినవాళ్ళ మాటేమిటి? దరువేసినవాళ్ళ మాటేమిటి?"

గవరయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ పండగ రోజు అందరి మొహాలకీ ఆకులున్నాయి, తన మొహానికీ ఉంది. భయం దేనికి? "అందరికీనండీ! ఆడినా, పాడినా, దరువేసినా ఈ బడి దరిదాపులకి రాకూడదు. వాళ్ళు గానీ, వాళ్ళ చుట్టాలు గానీ!"

"చుట్టాలు కూడానా?"

"బావమరుదులతో సహా!" అన్నాడు గవరయ్య, ఊపులో.

అప్పలస్వామి ఏదో అనబోయి, నమిలి మింగేశాడు. చిట్టెమ్మ నేల చూపులు చూసింది. ఎవరూ కాదనలేదు. రూలు ఖాయమైంది.

"ఇంకొక్కటే మిగిలింది," అన్నాడు నూకయ్య. "చూడకుండా శిక్ష వెయ్యడం పద్ధతి కాదు. పంతులమ్మ గారు ఆ చిందేమిటో ఇప్పుడు కమిటీకి చూపించాలి. వడ్రంగిపిట్ట దరువేస్తాడు."

బొంతమ్మకి తల కొట్టేసినట్టయింది. పదేళ్ళుగా తెలిసిన మేష్టారు ఇంతమందిలో ఇలా పరువు తీస్తాడా? కానీ తల వంచుకుని నిలబడటం ఆవిడకి చేతకాదు. చేసిందే కదా, చూపిస్తే ఏం పోయింది? రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని లేచింది.

వడ్రంగిపిట్ట ఎండుకొమ్మ మీద మొదలుపెట్టాడు. టక్కు టక్కు, టక్కు టక్కు. దరువు ఎడ్డెంగా ఉంది. బొంతమ్మ కాలు వేసేసరికి దెబ్బ ముందే పడిపోతోంది. నూకయ్య మాత్రం "భేష్, ఇదే అసలు దరువు" అంటున్నాడు.

గవరయ్య చెవి అదిరింది. తోక అదిరింది. కళ్ళు మూసుకున్నాడు. పళ్ళు నూరాడు.

"అచ్చం ఆ రోజు లాగే ఉంది," అన్నాడు నూకయ్య. "ఆనాటి దరువుగాడు కూడా ఇంత బాగా కొట్టలేదు."

"ఏమిటీ!" అని గవరయ్య ఒక్క దూకు దూకాడు. "ఆపవయ్యా నీ టకటక! రెండు దెబ్బలు ఎండుకొమ్మ మీద, ఒక్క తెరిపి ఇచ్చి మూడోది బోలుమొద్దు మీద! ఏడేళ్ళకీ మర్చిపోని దరువుని చెడగొడతావా?" అంటూ పక్కనే ఉన్న బోలుమొద్దు ముందు కూర్చుని కొట్టడం మొదలెట్టాడు.

తక్కిట, ధోం! తక్కిట, ధోం!

ఆ దరువు ఎంత బాగుందంటే బొంతమ్మ అన్నీ మర్చిపోయింది. కాలు దానంతటదే లేచింది. అటు చూస్తే చిట్టెమ్మ ఎగురుతోంది, ఒక్క అడుగు తప్పకుండా! లేళ్ళు గొంతు కలిపాయి. పాట రెండో చరణంలోకి వెళ్ళేసరికి "ఓహో...య్" అని వంతపాట కొండ దద్దరిల్లేలా వినపడింది. చూస్తే ప్రెసిడెంటు అప్పలస్వామి! అప్పుడు అర్థమైంది బొంతమ్మకి మేష్టారి పన్నాగం. నవ్వు ఆపుకోలేక ఆడుతూ ఆడుతూ కూలబడింది.

దరువు ఆగింది. గవరయ్య తలెత్తి చూశాడు. అందరూ తననే చూస్తున్నారు.

"మీ అత్తారింట్లో దరువు బాగా నేర్పారు," అన్నాడు నూకయ్య.

గవరయ్య బోలుమొద్దు మీంచి చేతులు తీసి వెనక్కి దాచుకున్నాడు.

"మరి రూలు ప్రకారం," అన్నాడు నూకయ్య, "దరువేసిన గవరయ్యా, వాళ్ళ బావమరిదీ బడి వైపు రాకూడదు. వంతపాడిన ప్రెసిడెంటు గారూ అంతే. చిట్టెమ్మా, లేళ్ళూ, ఇక్కడున్న అందరూ అంతే. ఆకు కింద నేనూ ఉన్నాను లెండి. ఇక పిల్లలకి గెడ్డ దాటడం మబ్బులు నేర్పుతాయి."

అప్పలస్వామి సిగ్గుతో కొమ్ములు దించేశాడు. "మేష్టారూ, మేమంతా ఆకు చాటున దాక్కుని, దాక్కోని పంతులమ్మని పట్టుకుని నిలదీశాం. తప్పయిపోయింది. ఆ రూలు చెరిపెయ్యండి."

"మరి రేపు నిజంగా చెడ్డ పంతులు వస్తేనో?" అంది చిట్టెమ్మ.

"పిల్ల మీద చెయ్యెత్తితే, పిల్లని భయపెడితే, అది నిన్న చేసినా నిరుడు చేసినా నేనే తరిమేస్తాను," అన్నాడు నూకయ్య. "పిల్లలకి ఏ హానీ చెయ్యని పండగ గొడవ మనకెందుకు?"

బొంతమ్మ లేచి దుమ్ము దులుపుకుంది. గవరయ్య మెల్లగా పొదల్లోకి జారుకుంటున్నాడు.

"గవరయ్యా, ఆగు!" అని పిలిచింది. "ఆ దరువు నాకు కావాలి. గెడ్డలో రాళ్ళు చూడు: రెండు దగ్గర దగ్గరగా, ఒకటి దూరంగా. తక్కిట, ధోం. దాని మీద అడుగు వేస్తే పిల్లలకి భయం ఉండదు."

అలా వానలు పడేదాకా రోజూ పొద్దున్నే గవరయ్య బోలుమొద్దు ముందు కూర్చుని చేతులు నొప్పెట్టేలా కొట్టాడు. పిల్లలు చిందేసుకుంటూ గెడ్డ దాటడం నేర్చేసుకున్నారు. గవరయ్య పెళ్ళాం పట్టిన పట్టు విడవలేదు గనక బావమరిదికి కూడా బడిలో చోటు దొరికింది. నీళ్ళంటే భయమని తేలడంతో బొంతమ్మ వాణ్ణి చివరి వరసలో, కుందేలుపిల్ల వెనక నిలబెట్టింది. వాడు తోక పైకెత్తుకుని వణుక్కుంటూ రాయి మీద కాలు పెట్టినప్పుడల్లా, దరువేస్తున్న బావగారు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బోలుమొద్దులోకే చూస్తూ కూర్చునేవాడు.

నీతి: పంతులమ్మ మంచిదో కాదో ఆవిడ దగ్గర చదివే పిల్లల్ని చూసి చెప్పాలి గానీ, ఆవిడ వెనకటి పండగల్ని తవ్వి కాదు.