రెండు గంపల పంట

అనగనగా పచ్చమెట్ట అనే రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకో తొందర. పేరు రణధీరుడు. మనసు మంచిదే గానీ, బుర్రలో ఆలోచన మెదిలిందంటే ఊళ్ళో చాటింపు పడాల్సిందే.

ఒక ఏడాది ఓడల వర్తకులు వచ్చి పట్టుచీరలకు బంగారం కుమ్మరించి పోయారు. వెంటనే రాజు దండోరా వేయించాడు. "దసరా నుంచి ఊరంతా పట్టే నేయాలి. కుండలు, గంపలు, గానుగలు కట్టిపెట్టాలి."

గంపలల్లే సుంకులమ్మ ఆ దండోరా వింది. అరవై దాటిన ఆమె చేతులు వెదురుబద్ద తప్ప మరోటి ఎరగవు. కూర్చుని ఏడిస్తే పని జరగదని, రెండు పెద్ద గంపల్లో మట్టి నింపి కోటకు తెచ్చింది.

"ప్రభూ, ఊరిమీద చేసే పని ముందు గంపలో చేసి చూద్దాం. దీంట్లో మీకు నచ్చిన గింజ ఒక్కటే చల్లండి. దాంట్లో నేను వరి, జొన్న, కొర్ర, అలసంద కలిపి చల్లుతాను. వానే తప్ప ఎవరూ నీళ్ళు పోయకూడదు. నాది ఓడితే మగ్గం ఎక్కుతాను, గెలిస్తే ఆజ్ఞ మార్చండి."

రాజుకు సరదా వేసింది. మేలురకం వరి తెప్పించి చల్లాడు.

మొదటి నెల వానలు దంచికొట్టాయి. రాజుగారి వరి ఏపుగా లేచింది. సుంకులమ్మ గంపలో జొన్న కుళ్ళిపోయింది. రాజు మీసం దువ్వాడు.

రెండో నెల చినుకు లేదు. రెండు గంపల్లోనూ వరి వాడింది. కొర్ర మాత్రం నిలబడింది.

మూడో నెల వరికి పురుగు పట్టింది. రాజుగారి గంపలో ఒక్క వెన్ను మిగల్లేదు. సుంకులమ్మకు గుప్పెడు కొర్రలు, దోసెడు అలసందలు దక్కాయి.

"గింజల సంగతి సరే అవ్వా, మనుషులు గింజలా?" అన్నాడు రాజు, ఓటమి మింగుడుపడక.

"కారు ప్రభూ, అందుకే నా భయం. గింజ పోతే మళ్ళీ చల్లుకోవచ్చు, మనిషి పోతే తేలేం. ఒక్క ఏడాది ఓడలు రాకపోతే ఏ ఇంట పొయ్యి వెలుగుతుంది? అదీ అలా ఉంచండి. పట్టుపురుగులు పెరిగేది నేనల్లిన తట్టల్లోనే. నేను మగ్గమెక్కితే తట్టలల్లేదెవరు?"

సభలో ఉన్న పట్టు నేతగాళ్ళ పెద్ద తలొంచుకుని లేచాడు. "ఆ సంగతి మాకు మొదటే తెలుసు ప్రభూ. చెప్పడానికి జంకాం."

రాజుకు సిగ్గేసింది. ఎవరి పని వారు చేసుకోమని ఆజ్ఞ మార్చాడు.

మరుసటి ఏడాది ఓడలు నిజంగానే రాలేదు. మగ్గాలు ఆగాయి. కానీ రైతులు గింజలిచ్చారు, గానుగవాళ్ళు నూనె పోశారు, నేతగాళ్ళ పిల్లలు ఒక్కరోజు కూడా పస్తుండలేదు. ఆ పై ఏడాది ఓడలొచ్చేసరికి, ఆకలికి వలస పోకుండా నేసే చేతులన్నీ ఊళ్ళోనే ఉన్నాయి.

ఒక్క పంటను నమ్మిన చేను, ఒక్క పనిని నమ్మిన ఊరు ఒక్క దెబ్బకే కూలుతాయి. పది రకాలు కలిసి బతికితేనే పది కాలాలు నిలుస్తాయి.