చెవి మారిన మాట

ప్రణీత్‌కు జనం పడరు.

అదే అతని బాధ. లోపల్లోపల అదే అతని గర్వం కూడా. అందరూ చూసే సినిమా చూడడు, అందరూ తొడుక్కునే బట్ట తొడుక్కోడు, అందరూ ఎగబడే మాల్ ముందు నుంచి పోవాల్సి వస్తే బండి వేగం పెంచుతాడు.

"అందరూ ఒక్క అచ్చుల పోసిన బొమ్మలే గురువుగారూ" అన్నాడు ఒక ఆదివారం వీరదాసుతో. "నేను అండ్లకెల్లి బయటికొచ్చిన. వచ్చినందుకే ఒంటరినైన."

వీరదాసు సిద్దిపేట అవతల ఒక పల్లెలో ఉంటాడు. ఒకప్పుడు బడిపంతులు. ఇప్పుడు తన గురువు దగ్గర నేర్చుకున్న తత్వాలు పాడుకుంటూ, అడిగినవాళ్లకు తోచింది చెబుతూ, పెరట్లో చిక్కుడు పాదు చూసుకుంటూ ఉంటాడు. ఆశ్రమం అనదగ్గది ఏమీ లేదు. రెండు గదులు, ముందు రేకుల వసారా, భార్య సత్తెమ్మ చేతి వంట, అంతే.

"బయటికొచ్చి యాడున్నవు బిడ్డా?" అని అడిగాడాయన.

"నాలాంటోళ్లు కొందరున్నరు. వాళ్లతోని."

"నీలాంటోళ్లుంటే ఒంటరెట్లయినవు?"

అయినా ప్రణీత్ చెప్పింది అబద్ధం కాదు. ఆ మిత్రుల మధ్య కూర్చున్నప్పుడే అతనికి ఎక్కువ దిగులు వేస్తుంది. ఏదైనా అనబోయే ముందు, ఇది అనొచ్చా అనకూడదా అని లోపల ఒకసారి చూసుకుంటాడు. ఏ పాట నచ్చిందో చెప్పాలన్నా అదే తంతు. నచ్చిన పాటలన్నీ చాలావరకు చెప్పకూడనివే.

ప్రణీత్‌తో కలిపి వాళ్లు మొత్తం ఎనిమిది మంది. హైదరాబాద్‌లో ఒక పాత బంగళాలో పెట్టిన కాఫీ హోటల్లో కలుస్తారు. ఒత్తయిన గడ్డం, గడ్డానికి దేవదారు వాసన నూనె, నీలిమందు రంగు ముతక నేత చొక్కా, గుండ్రటి కళ్లద్దాలు, చేతికి రాగి కడియం. పాతకాలపు రీలు కెమెరాలతో ఫొటోలు తీస్తారు. ఆ రీలు కడిగించడానికి నెల పడుతుంది. ఫొటో చేతికొచ్చాక దాన్ని ఫోనుతో మళ్లీ ఫొటో తీసి లోకానికి పంపుతారు. గుంపులో గోవిందా అనడం మా వల్ల కాదంటారు, ఎనిమిది గొంతులూ కలిపి.

ప్రణీత్‌ను మొట్టమొదట వీరదాసు దగ్గరికి తీసుకొచ్చింది వీళ్లెవరూ కాదు, ఐలేశ్. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఆ తర్వాత ఒకే గది. ఐలేశ్ అభిమాన హీరో బొమ్మ ఉన్న టీషర్టు వేస్తాడు, వెనక జేబులో దువ్వెన పెట్టుకుంటాడు. రోజూ పొద్దున్నే తెలిసినవాళ్లందరికీ గులాబీ పువ్వు మీద 'శుభోదయం' అని రాసిన బొమ్మ పంపుతాడు. ఒకసారి కాఫీ హోటల్లో ఆ ఎనిమిది మందిలో రిత్విక్ అనేవాడు ప్రణీత్ ఫోను లాక్కుని, ఆ గులాబీ బొమ్మ బల్ల చుట్టూ తిప్పి చూపించాడు. అందరూ పడీపడీ నవ్వారు. ప్రణీత్ కూడా నవ్వాడు. ఫోను తనది కాబట్టి అందరికన్నా గట్టిగా నవ్వాల్సి వచ్చింది.

అప్పటికే ఐలేశ్ గుమ్మంలో ఉన్నాడు. బండి తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి గులాబీలు రావడం మానేశాయి. కొన్నాళ్లకు ప్రణీత్ గది కూడా మారాడు. మిత్రులందరూ చెప్పినట్టే, తన మనసుకు తోచినట్టు బతకడానికి.

వీరదాసు గురుపరంపరలో ఒక ఆచారం ఉంది. శిష్యుణ్ని ఏళ్లతరబడి చూసి, వాడికేం కావాలో అర్థమయ్యాక గురువు వాడి చెవిలో ఒక మాట చెబుతాడు. మంత్రం కాదది. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పరు. మనిషి కొలత చూసి కుట్టిన అంగీ లాంటిది. లోపలి గదిలో, ఇద్దరూ మౌనంగా కూర్చుని, పేరు పెట్టి పిలవడం కూడా లేకుండా, ఒక్కసారే చెబుతారు. గురువు మళ్లీ చెప్పకూడదు, విన్నవాడు పైకి అనకూడదు. ఆ రోజు శిష్యుడు తనవాళ్లను వెంటబెట్టుకు రావాలి. పని అయ్యాక అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటారు.

"వచ్చే ఐతారం నీ మాట నీకు చెప్త" అన్నాడు వీరదాసు. "నీవోళ్లను తోల్కరా."

ప్రణీత్ ఆ వారమంతా నేల మీద నడవలేదు. ఆ ఒక్క మాట వస్తే తనెవరో తనకు తెలిసిపోతుంది. ఎవరిదో చూసి తెచ్చుకున్నది కాకుండా, తన కొలతకే కుట్టింది ఒకటి ఉంటుంది. ఇక ఎవరి మధ్య కూర్చున్నా ఆ దిగులు రాదు. అట్లా అనుకున్నాడు, పాపం.

ఈలోగా వీరదాసుకు కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి పట్టీ కట్టారు. రెండో కంట్లో ఇంకా శుక్లం ఉంది, మనిషి వచ్చాడని తెలుస్తుంది గానీ ఎవరొచ్చారో తెలియదు. పోనీ కొన్నాళ్లాగుదామా అని ప్రణీత్ ఫోన్ చేసి అడిగాడు.

"ఆపరేషన్ కంటికైంది బిడ్డా, నోటికి కాలే" అన్నాడాయన.

ఆదివారం పొద్దున ఎనిమిది మందీ దడదడలాడే బండ్ల మీద దిగారు. ప్రణీత్ అమ్మానాన్నలకు చెప్పలేదు. వాళ్లకు ఇట్లాంటివి అర్థం కావని అతని నమ్మకం. సత్తెమ్మ చేటలో బియ్యం పెట్టుకుని వసారాలోకి వచ్చి, ఒక్కొక్కర్నీ చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఒక్క తల్లి పిల్లలా బిడ్డా మీరంత?"

"కాదమ్మా" అన్నాడు రిత్విక్ నవ్వి. "మేం ఎవరికి వాళ్లమే వేరు."

"అట్లనా" అని ఆమె ఇంకో సోలెడు బియ్యం పోసుకోవడానికి లోపలికి పోయింది.

వీరదాసు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నీవోళ్లందరు వచ్చిండ్రా?" అని అడిగాడు.

"వచ్చిండ్రు గురువుగారూ."

"ఇంకెవ్వరన్న ఉన్నరా?"

ప్రణీత్‌కు గులాబీ పువ్వు గుర్తొచ్చింది. మిత్రులు అటే చూస్తున్నారు. "లేరు" అన్నాడు.

"మంచిది. కాళ్లు కడుక్కొని లోపల్కి రా" అని ఆయన గోడ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు.

పెరట్లో బోరింగు మొండికేసింది. కొట్టగా కొట్టగా గానీ నీళ్లు రాలేదు. ఈలోగా రిత్విక్‌కు లోపలి గది గోడకు పాత తంబుర వేలాడుతోందని ఎవరో చెప్పారు. ఫొటో తీద్దామని కెమెరా పట్టుకుని లోపలికి అడుగు పెట్టాడు. గది మసకగా ఉంది. చాప మీద కూర్చున్న వీరదాసు చెయ్యి చాచాడు. చేతికి కడియం తగిలింది. ముతక చొక్కా తగిలింది. పైకి జరిపి గడ్డం నిమిరాడు. కూర్చోమన్నట్టు చాప మీద తట్టాడు.

రిత్విక్ కూర్చున్నాడు. పెద్దాయన అంత ప్రేమగా తడిమి కూర్చోమంటే కాదని ఎవరంటారు? తమందరికీ ఏదో దీవెన ఇస్తాడు కాబోలు, తన వంతు ముందొచ్చింది అనుకున్నాడు.

ప్రణీత్ తడి కాళ్లతో గుమ్మంలోకి వచ్చేసరికి వీరదాసు చెయ్యి రిత్విక్ తల మీద ఉంది. నోరు రిత్విక్ చెవి దగ్గరుంది. కేక పెట్టబోయి, మౌనంగా ఉండాలన్న ఆచారం గుర్తొచ్చి ప్రణీత్ నోరు మూసుకున్నాడు. ఆ కాస్త ఆలస్యం చాలింది. మాట అయిపోయింది.

"గురువుగారూ! నేనిక్కడున్న!"

వీరదాసు తల తిప్పాడు. "మరి గీ పిలగాడెవ్వరు?"

"రిత్విక్. నా దోస్తు."

"అయ్యో" అన్నాడు వీరదాసు. కావాలని చేశాడో, నిజంగా పొరబడ్డాడో సత్తెమ్మకు కూడా ఇప్పటికీ తెలియదు. "కడెం జూసిన. అంగి జూసిన. గడ్డం జూసిన. నూనె వాసన గూడ నీదే. ఇంకేం జూడాల్నో చెప్పు బిడ్డా."

ప్రణీత్ చెబుదామనే నోరు తెరిచాడు. తనను తానుగా పట్టిచ్చేది ఏదో ఒకటి ఉండే ఉంటుందని వెతుక్కున్నాడు. గుమ్మంలో నిలబడి చాలాసేపు వెతుక్కున్నాడు. కాళ్ల కింద నీళ్లు మడుగు కట్టాయి.

రిత్విక్ లేచాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. "సారీరా ప్రణీత్, నాకు తెలీదు. కానీ ఆ మాట..." చెప్పకూడదని గుర్తొచ్చి ఆగాడు. "అది నాదేరా. అచ్చం నా గురించే చెప్పినట్టుంది."

మన వస్తువు ఒకడు ఎత్తుకుపోతే వాడితో పోట్లాడవచ్చు. అది వాడికి సరిగ్గా సరిపోతే ఏం చేయాలి? ప్రణీత్‌కు అప్పుడు కలిగిన ఒంటరితనం ముందు, ఇన్నాళ్లూ తను ఒంటరితనం అని చెప్పుకున్నది ఉత్త ముచ్చట.

బంతి వేశారు. మోదుగ విస్తళ్లలో అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర. మిత్రులు ముందు విస్తళ్లకు ఫొటోలు తీసి తర్వాత తిన్నారు. సత్తెమ్మను మారు అడిగి మరీ తిన్నారు. ఎంత అచ్చమైన మనుషులో అని వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు. మాపటికి హైదరాబాద్‌లో ఏదో పాటల కచేరీ ఉందని మధ్యాహ్నమే బయల్దేరారు. బండ్లు దడదడమని వెళ్లిపోయాయి. ఒక గడ్డం తక్కువైందని దారిలో ఎవరికీ తట్టలేదు.

ప్రణీత్ వసారాలోనే కూర్చుండిపోయాడు. అతని విస్తరి అట్లాగే ఉంది.

"నాకు ఇంకో మాట చెప్పుండ్రి గురువుగారూ."

"మనిషికి ఒక్కటే ఉంటది బిడ్డా."

"అది వాడికి పోయింది గదా."

"పోయింది" అన్నాడు వీరదాసు.

ఓదారుస్తాడేమోనని ప్రణీత్ చూశాడు. ఆయన ఓదార్చలేదు. ఎండ రేకుల మీద చిటపటమంటోంది. ఆయన కంటి పట్టీ సర్దుకున్నాడు.

"మొన్న ఐలేశ్ వచ్చిండు, నా కన్ను చూడనీకె. నోరు తెరవకముందే వాడని తెల్సింది."

"ఎట్ల తెల్సింది?"

"వాడు వాని లెక్కనే వచ్చిండు."

ప్రణీత్‌కు ఉక్రోషం వచ్చింది. "వాడు అందరి లెక్కనే ఉంటడు గురువుగారూ. అందరేసుకునే అంగీ, అందరు పాడే పాట."

"ఔ, గుంపులోడే" అని ఒప్పుకున్నాడాయన. "కాదని వాడెన్నడన్న అన్నడా?"

వీరదాసు జేబులోంచి చిన్న బటన్ల ఫోను తీశాడు. "కంట్లేసుకునే చుక్కల మందు తెస్తనన్నడు ఐలేశ్. ఏమైందో అడగాలె. జర కలుపు, నాకు అంకెలు కనవడ్తలెవ్వు."

ప్రణీత్ ఫోను అందుకున్నాడు. పేరు వెతకాల్సిన పని లేకపోయింది. ఆ అంకెలు వేళ్లకు ఇంకా గుర్తున్నాయి. కలిపి, మోగుతుండగానే గురువు వైపు చాచాడు.

గురువు అక్కడ లేడు. గోడ తడుముకుంటూ చిక్కుడు పాదు వైపు వెళ్లిపోతున్నాడు.

"గురువుగారూ, చెప్పుండ్రి" అంది ఫోనులో ఐలేశ్ గొంతు. వెనక బస్టాండు రొద.

ప్రణీత్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. అనాల్సిన మాటలు అతని దగ్గర చాలా ఉన్నాయి, ఎప్పుడేది అంటే బాగుంటుందో సాధన చేసి పెట్టుకున్నవి. ఒక్కటీ నోటికి రాలేదు.

"గురువుగారూ? వినవడ్తుందా?"

ప్రణీత్ ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపని బిగబడతాడు? లోపలి నుంచి ఏదో తోసుకొచ్చింది. చప్పుడు కాకుండా మింగుదామని చూశాడు.

ఐలేశ్ పక్కకు ఎటో జరిగినట్టున్నాడు, రొద తగ్గింది.

"ప్రణీత్" అన్నాడు తర్వాత. "ఎందుకురా ఏడుస్తున్నవ్?"