వంగిన పెడల్

ఏడుకొండలుకి గురువు మీద ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలలు చెమటోడ్చి, పాత బండి చట్రం మీద సొంత చేత్తో జీపు కట్టాడు. పది గంటలకి దాన్ని తీసుకెళ్లడానికి నర్సు సువార్తమ్మ వస్తుంది. కొండ ఊళ్లకి మందులు మోసే బండి అది. పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని ఘాటు రోడ్డు దింపే బండి. తొమ్మిదింటికి దస్తగిరి మేస్త్రి ఎక్కి కూచుని, ఒక్కసారి బ్రేకు తొక్కి, దిగిపోయాడు.

"బండి ఇవ్వద్దు. పెడల్ విప్పు" అన్నాడు.

కారణం చెప్పలేదు. చెప్పే అలవాటు ఆయనకి లేదు.

రాజమండ్రిలోని ఆ షెడ్డులో ఏడుకొండలు పదకొండేళ్లుగా పని చేస్తున్నాడు. పని బాగా వచ్చింది, పనితోపాటు పొగరూ వచ్చింది. ఈ జీపులో అన్నిటికంటే బ్రేకు చూసుకునే అతను ఎక్కువ మురిసిపోతున్నాడు.

పెడల్ పైన ఒక పిన్నుకి వేలాడుతుంది. పిన్నుకి కిందగా ఉన్న రంధ్రంలో రాడ్డు తగిలిస్తారు. కాలు తొక్కితే ఆ రాడ్డు బ్రేకు ఆయిల్‌ని నెడుతుంది. రంధ్రం పిన్నుకి దగ్గరగా ఉంటే పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది గానీ తేలిగ్గా దిగుతుంది. దూరమైతే కొంచెమే దిగుతుంది, బరువంతా కాలి మీద పడుతుంది. గడ్డపారతో బండరాయి లేపినవాళ్లకి ఇదేం కొత్త సంగతి కాదు. ఏడుకొండలు రంధ్రాన్ని బాగా కిందకి దింపాడు. వేలెడు దిగగానే పెడల్ గట్టిగా నిలబడింది. బళ్లు కొనేవాళ్లకీ అదే ఇష్టం, బ్రేకు టైటుగా ఉందని సంబరపడిపోతారు.

"మూడుసార్లు చూశానండి గురువుగారూ. తొక్కిన చోటే ఆగింది" అన్నాడు.

"ఎవరి కాలితో చూశావు?"

"నా కాలితోనేనండి. ఇంకెవరి కాలితో చూస్తానండి?"

దస్తగిరి లోపలికి వెళ్లాడు. గోడ మేకుకి ఒక పాత పెడల్ ఎప్పటినుంచో వేలాడుతూ ఉండేది, నడుం దగ్గర వంగిపోయి. పనిలో చేరిన కొత్తలో ఏడుకొండలు దాన్ని పాత ఇనుములో పడేయబోయి చెంపదెబ్బ తిన్నాడు. ఆ తర్వాత దాని సంగతి ఎవరూ అడగలేదు.

ఆయన ఆ పెడల్‌ని తెచ్చి, నేల మీదున్న ఇనప దిమ్మెకి తిరగేసి బిగించాడు. ఎదురుగా స్టూలు వేశాడు.

"కూచో. తొక్కి తిన్నగా చెయ్యి."

ఏడుకొండలు ఎనభై కేజీల మనిషి. ముందు నవ్వుతూ తొక్కాడు. తర్వాత పళ్లు బిగించి తొక్కాడు. చివరికి వీపు గోడకి ఆనించి రెండు కాళ్లతో తొక్కాడు. చొక్కా తడిసింది. ఇనుము వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇది కాలికి లొంగదండి. సుత్తి కావాలి."

"కాలికే వంగింది" అన్నాడు దస్తగిరి.

ఏడుకొండలు కాలు తీసేశాడు.

"ఎవరి కాలికండి?"

"మా తమ్ముడు బాషా. టీబీ మనిషి, నలభై రెండు కేజీలు. మారేడుమిల్లి ఘాటు దిగుతూ ప్రమాదంలో పోయాడు. బండి నేనే కట్టిచ్చా. రంధ్రం నువ్వు పెట్టిన చోటే పెట్టా."

ఏడుకొండలు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"బండి నడుపుతూ నిద్రపోయాడన్నారు. బ్రేకు మీద కాలే వెయ్యలేదన్నారు. నేనూ అదే అన్నా. బ్రేకు సరిగ్గా ఉందని పోలీసులకి సంతకం చేసిచ్చా. నేను తొక్కి చూశా కదా మరి." దస్తగిరి ఆ పెడల్ వంకే చూస్తున్నాడు. "వారం తర్వాత బండి విప్పితే ఇది కనపడింది."

"ఇంట్లో చెప్పారాండి?"

"మా అమ్మ కొడుకుని తిట్టుకుంటూనే పోయింది, కునుకు ఆపుకోలేకపోయాడని. నాకు నోరు రాలేదు."

గేటు చప్పుడైంది. సువార్తమ్మ వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో మందుల పెట్టె.

"బండి తయారేనా తమ్ముడూ?"

"తయారవలేదక్కా" అన్నాడు ఏడుకొండలు. జీపు వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కసారి ఎక్కి బ్రేకు తొక్కండి."

ఆమె ఎక్కి తొక్కింది. స్టీరింగు పట్టుకుని, సీట్లోంచి పైకి లేచి మరీ తొక్కింది. మెడ నరాలు బయటపడ్డాయి. పెడల్ వేలెడులో సగం దిగి ఆగిపోయింది.

"గట్టిగా ఉంది తమ్ముడూ" అని నవ్వింది. "కొత్తది కదా. పోనీలే, అలవాటైపోద్ది."

ఏడుకొండలు పానా తీసుకుని ఆమె కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. కాసేపటిదాకా అతనికి నట్టు కనపడలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"కాలు తియ్యకండక్కా" అన్నాడు. "మీ కాలే కావాలి."