వంటింటి గడప దాకా చూసే కెమెరా

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, ఏడుగురు కొడుకులూ లేరు. ఒక ఇరుకిల్లు ఉంది. ముందు ఒక గది, వెనక ఒక గది, ముందుగదిని ఆనుకుని వంటిల్లు. ముందుగదిలో నలుగురు కూచుంటే ఐదోవాడు చెప్పులు విప్పేచోట నిలబడాలి. అంత ఇల్లు. ఊ కొట్టు మరి. ఊ కొట్టకపోతే కథ నడవదు.

ఆ ఇంట్లో హైమవతి అని ఒక కోడలు. బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పేది. ఆమె మొగుడు శ్రీహరి, మరిది కిరీటి, మామగారు. వీళ్ళందరికీ వండిపెట్టేది మాణిక్యం. మాణిక్యం శ్రీహరికి అక్క. తల్లి పోయేనాటికి కిరీటి ఇంకా పాలు తాగే పిల్లాడు, మాణిక్యానికి ఇంకా రెండు జడలు. అప్పుడు గరిటె పట్టుకుంది, మళ్ళీ దించలేదు. ఆవిడ పెళ్ళెందుకు చేసుకోలేదని వీధిలో అందరూ అడిగేవాళ్ళు. అడిగినవాళ్ళెవరూ ఒక పూట వచ్చి వండి పోలేదు.

ఆ తర్వాత హైమకి ఒక పాప పుట్టింది. సెలవు అయిపోగానే హైమ బడికి వెళ్ళేది. పాపకి నీళ్ళు పోసేది, సాంబ్రాణి పట్టేది, కాళ్ళమీద వేసుకుని నిద్రపుచ్చేది మాణిక్యమే. పాప ఏడిస్తే మగవాళ్ళు ముగ్గురూ ఒకేసారి మాణిక్యాన్ని కేకేసేవాళ్ళు. కేకెయ్యడం కూడా ఒక పనే అనుకునేవాళ్ళు.

ఒక ఆదివారం అందరూ కూచుని హైమ పెళ్ళి వీడియో చూస్తున్నారు. చూస్తూ చూస్తూ హైమ అడిగింది.

"ఇందులో వదినగారు ఏరీ?"

"ఎందుకుండదు, ఉంటుంది" అన్నాడు శ్రీహరి.

అప్పుడు వెతికారు. పీటల దగ్గర లేదు. బంతిలో లేదు. చివరికి పానకం బిందె పక్కన ఒక మోచెయ్యి కనబడింది.

"అదిగో అక్కయ్య" అన్నాడు కిరీటి.

"మోచెయ్యి" అంది హైమ.

వంటింట్లోంచి మాణిక్యం, "ఎవరైనా పిలిచారా?" అంది. ఎవరూ పిలవలేదు.

అప్పుడు హైమ పాప బారసాల వీడియో పెట్టి చూసింది. అందులో మోచెయ్యి కూడా లేదు. ఎందుకంటే, మాణిక్యం ఎప్పుడూ వంటింటి గడప దగ్గరే నిలబడుతుంది. కెమెరా వాడు ఎవడొచ్చినా, "అమ్మా, మీరు కొంచెం పక్కకి" అనేవాడు. కొన్నాళ్ళకి వాడు అనక్కర్లేకుండానే ఆవిడే జరిగిపోవడం అలవాటు చేసుకుంది. కెమెరా లేచిందంటే ఒక అడుగు వెనక్కి. అదీ ఆవిడ పద్ధతి.

హైమకి ఆ రోజు నించీ ఒకటే ఆలోచన. పాప పెద్దదవుతుంది. చిన్నప్పటి వీడియోలు పెట్టుకుని చూస్తుంది. తనని పెంచిన మనిషి అందులో ఎక్కడా లేకపోతే, మనం నోటితో ఎంత చెప్పినా సగమే నమ్ముతుంది.

అప్పటికి పాప పాకుతోంది. అన్నప్రాసనకి ముహూర్తం పెట్టారు. ఈసారి కెమెరా వాణ్ణి పిలవొద్దు, మనమే చిన్న వీడియో కెమెరా కొనుక్కుందాం అంది హైమ. ఫోన్లన్నీ వీడియోలు తియ్యని రోజులవి.

"నేను చూసి తెస్తాలే వదినా" అన్నాడు కిరీటి.

"చూడ్డానికి నువ్వూ రా. కొనేది నా జీతంతో, ఎంచేది నేను" అంది హైమ.

అప్పుడు శ్రీహరి కూడా చొక్కా మార్చుకుని బయల్దేరాడు. కెమెరా కొనడమంటే ఇంట్లో మగవాళ్ళందరూ బయల్దేరతారు. గ్యాసుబండ అయిపోయినప్పుడు ఎవరికీ చొక్కా దొరకదు.

బజార్లో కొట్టతను మంచి మాటకారి. మూడు కెమెరాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. మొదటిదాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"మేడమ్, ఇది చూడండి. జూమ్ చూడండి. గోదారి అవతలి గట్టు మీద కొంగ నిలబడితే, ఇవతలి గట్టు మీంచి దాని కాలి వేళ్ళు లెక్కపెట్టచ్చు."

కిరీటి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదే తీసుకుందాం వదినా."

"మా ఇంట్లో కొంగ లేదండీ" అంది హైమ. "జనం ఉన్నారు. వాళ్ళు పడతారా?"

కొట్టతనికి అర్థం కాలేదు. అప్పుడు హైమ ఆ జూమ్ నొక్కి చూసింది. ఎదురుగా ఉన్న క్యాలెండర్ దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, ఆ తర్వాత అంకెలన్నీ తడిసిన ముగ్గులా కలిసిపోయాయి.

"పెట్టె మీద రాసిన జూమంతా కెమెరా అద్దం చేసే పని కాదన్నమాట. ఒక హద్దు దాటాక, ఉన్న బొమ్మనే సాగదీస్తోంది. ఇంత సాగదీసింది నాకెందుకు?" అంది.

కొట్టతను రెండోది చేతికిచ్చాడు. అది బరువు. మీటలు ఎన్నో. పెద్ద పెద్దవాళ్ళు ఇదే వాడతారన్నాడు. హైమ ఒక చేత్తో పట్టుకుంది. మణికట్టు వాలిపోయింది.

"రెండు చేతులతో పట్టుకోవాలి మేడమ్."

"రెండో చేతిలో పాప ఉంటుందండీ."

"పాపని ఎవరికైనా ఇవ్వండి."

హైమ మొగుడి వంక చూసింది, మరిది వంక చూసింది. ఇద్దరూ క్యాలెండర్ వంక చూశారు.

"దీన్ని పక్కన పెట్టండి" అంది హైమ.

మూడోది చిన్నది. అరచేతిలో ఇమిడిపోయింది. పట్టీలోకి చెయ్యి దూరిస్తే బొటనవేలు తిన్నగా రికార్డు మీట మీదికి వెళ్ళింది. పక్కన తలుపులా తెరుచుకునే చిన్న తెర ఉంది.

"అది అంతంతమాత్రం మేడమ్" అన్నాడు కొట్టతను. "జూమ్ తక్కువ. కాకపోతే వెడల్పు ఎక్కువ చూపిస్తుంది."

వెడల్పు అనే మాట వినగానే హైమ లేచి నిలబడింది. "మీ కొట్లో ఇరుకు గది ఏదైనా ఉందా?"

"ఇరుకు గది ఎందుకమ్మా?"

"ఉన్నది అదే మా ఇంట్లో. ఇక్కడ ఇంత విశాలంగా నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి."

కొట్టు వెనక సరుకు పెట్టుకునే గది ఉంది. అట్టపెట్టెలు, ఒక నిచ్చెన, ఒక మసక బల్బు. అచ్చం వాళ్ళ ముందుగదంతే. హైమ గోడకి వీపు ఆనించి నిలబడింది. కొట్టతన్ని ఎదటి గోడ దగ్గర నిలబెట్టింది. మొదటి కెమెరాతో, జూమ్ తగ్గించగలిగినంతా తగ్గించి చూసింది. మీసం, చొక్కా జేబు కనబడ్డాయి. ఇంకా వెనక్కి జరుగుదామంటే గోడ. ఆ తర్వాత మూడోదానితో చూసింది. కొట్టతను తలనించి కాళ్ళదాకా కనబడ్డాడు. నిచ్చెన కనబడింది. తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఒకామె కూడా కనబడింది. కెమెరా తనవైపు ఉందని చూసి ఆమె పక్కకి తప్పుకోబోయింది.

"ఉండమ్మా" అంది హైమ. "నువ్వూ పడుతున్నావు."

ఆమె నిలబడింది. మసక వెలుతుర్లో కూడా మొహం తెలిసింది. హైమ మూడోదాన్నే కొంది.

దారంతా కిరీటి ముభావంగా ఉన్నాడు. "జూమ్ లేని కెమెరా, రెక్కల్లేని ఫ్యాను" అన్నాడు.

"మీ అక్కయ్య ఎప్పుడైనా దూరంగా ఉందా, జూమ్ పెట్టి వెతుక్కోడానికి?" అంది హైమ. "ఆవిడ అంచున ఉంది. అంచున ఉన్నవాళ్ళకి కావలసింది వెడల్పు."

శ్రీహరికి మోచెయ్యి గుర్తొచ్చింది.

నిద్రపోయావా? లేదా? సరే, విను.

అన్నప్రాసన రోజు వచ్చింది. పాపకి పరమాన్నం తినిపించాక, ఎదురుగా పళ్ళెంలో వస్తువులు పెడతారు. పిల్ల పాకుతూ వెళ్ళి ఏది ముట్టుకుంటే, పెద్దయ్యాక అందులో రాణిస్తుందని చెప్పుకుంటారు. హైమ పళ్ళెంలో పుస్తకం పెట్టింది, కలం పెట్టింది. శ్రీహరి బంగారు గొలుసు పెట్టాడు. అప్పుడు మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఆడపిల్ల కదా. ఒక గరిటె కూడా పెట్టండి."

"మీ అబ్బాయిల అన్నప్రాసనలో పెట్టారా మామయ్యగారూ?" అంది హైమ.

వంటింటి గడప దగ్గర్నించి మాణిక్యం చెప్పింది. "లేదు. కిరీటి చాకు పట్టుకున్నాడు. ఇవాళ్టిదాకా ఒక్క ఉల్లిపాయ తరగలేదు."

అందరూ నవ్వారు. గరిటె మాణిక్యం చేతిలోనే ఉండిపోయింది. పళ్ళెంలోకి రాలేదు.

"వదినగారూ, మీరు కూడా వచ్చి కూచోండి" అంది హైమ.

"పరమాన్నం చూసుకోవాలి. మీరు కానివ్వండి" అంది మాణిక్యం. గడప దాటలేదు.

హైమ పీట మీద కూచోవాలి కదా. అందుకని కెమెరాని వంటింటి తలుపుకి ఎదురుగా ఉన్న గోడ అలమారలో, రెండు డబ్బాల మధ్య పెట్టింది. తెర తనవైపు తిప్పుకుని చూసుకుంది. పీట కనబడుతోంది. పళ్ళెం కనబడుతోంది. ఆ వెనక వంటింటి గడప, తలుపు తెర, తెర పక్కన సగం మాణిక్యం కూడా కనబడుతోంది. సగమైనా చాల్లే అనుకుని మీట నొక్కి వచ్చి కూచుంది.

పాపని కింద దించారు. కిరీటి ఊరుకోలేక అలమార దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాడు.

"కిరీటీ, ముట్టుకోకు."

"పళ్ళెం మీదికి జూమ్ చేస్తాను వదినా. ఏం పట్టుకుందో స్పష్టంగా వస్తుంది."

"పళ్ళేన్ని నేను రోజూ కడుగుతూనే చూస్తున్నాను. నువ్వొచ్చి కూచో."

కిరీటి చెయ్యి తీశాడు. తియ్యకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

అప్పుడు పాప పాకింది. పుస్తకం దాకా వచ్చింది, ఆగలేదు. కలం దాకా వచ్చింది, ఆగలేదు. గొలుసు వంక చూసి, తుమ్మింది. ఆ తర్వాత పళ్ళేన్ని చుట్టి, తాతగారి మోకాలు దాటి, తిన్నగా వంటింటి వైపు వెళ్ళిపోయింది. గడప మీద చేతులాన్చి, మాణిక్యం చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నిలబడింది.

"అది లెక్కలోకి రాదు" అన్నారు మామగారు. "మళ్ళీ తీసుకురండి."

శ్రీహరి వెళ్ళి పాపని ఎత్తుకొచ్చి, పళ్ళెం ముందు కూచోబెట్టి, చిన్న చెయ్యి పట్టుకుని కలం మీద పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి వీధి వీధంతా చెప్పుకున్నారు, పాప కలం పట్టుకుందని.

మర్నాడు అందరూ తీరిగ్గా కూచున్నాక హైమ కెమెరాకి తీగ పెట్టి టీవీకి తగిలించింది. మాణిక్యం అలవాటు ప్రకారం గడప దగ్గరే నిలబడింది.

టీవీలో పాప పాకింది. పుస్తకం దాటింది, కలం దాటింది, గొలుసు దాటింది. కెమెరా పళ్ళెం దగ్గరే ఆగిపోలేదు. గడప దాకా అంతా చూసింది.

అప్పుడు ఎవరూ ముందు రోజు చూడనిది కనబడింది. అందరి కళ్ళూ పాప మీదే ఉన్నాయి కదా, మాణిక్యం మొహం ఎవరు చూశారు? టీవీలో ఆవిడ ముందు కెమెరా వంక చూసింది. ఎప్పటిలాగే ఒక అడుగు వెనక్కి వెయ్యబోయింది. పాప కుచ్చిళ్ళు వదల్లేదు. వెనక్కి వెళ్తే పిల్ల పడిపోతుంది. అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత గరిటె పక్కనున్న వంటగట్టు మీద పెట్టేసి, గడప ఇవతలికొచ్చి, పాప ఎదురుగా కింద కూచుంది. నిండా, తలనించి పాదాల దాకా, బొమ్మలో కూచుంది. పాప ఆవిడ ముక్కు పట్టుకుంది. ఆవిడ నవ్వింది.

ఆ వెంటనే శ్రీహరి చేతులొచ్చి పాపని ఎత్తుకుపోయాయి. మాణిక్యం చేతులు మాత్రం కాసేపు అలాగే చాచి ఉండిపోయాయి.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శ్రీహరి తన చేతుల వంక చూసుకున్నాడు. "కలం పట్టుకుందని నేనే అందరికీ చెప్పాను" అన్నాడు.

"కలం నువ్వు పట్టించావు" అంది హైమ. "పట్టుకున్నది ఎవరినో చూశావుగా."

అప్పుడు మాణిక్యం అంది. "నా చీర అంచు ఊడి వేలాడుతోంది. ఒక్కరూ చెప్పలేదేం?"

కిరీటి లేచాడు. అక్కయ్యకి చోటిచ్చి తను చెప్పులు విప్పేచోట నిలబడ్డాడు. మాణిక్యం వచ్చి కూచుంది. పాప ఆవిడ ఒళ్ళోకి పాకింది.

"మళ్ళీ వెయ్యి హైమా" అంది మాణిక్యం.

మళ్ళీ వేసింది. మాణిక్యం గడప దాటి వచ్చేచోట కిరీటి ఆపమన్నాడు.

"అక్కయ్యా, ఇక్కడ నీ మొహం దగ్గరికి చేసి చూపించనా? దీంట్లో కూడా కొంచెం జూమ్ ఉంది."

"వద్దురా" అంది మాణిక్యం. "అందరితో కలిసున్నాను. అలాగే ఉండనీ."

అంతే. ఆ రోజు అన్నం శ్రీహరి వడ్డించాడు. కిరీటి ఉల్లిపాయ తరిగాడు. బాగా లేదు, అయినా తిన్నారు.

కథేమో కంచికి,
కెమెరా సంచికి,
గరిటె దాని గూటికి,
మాణిక్యమత్త అందరి మధ్యకి,
మనం ఇంటికి.

ఇంట్లోనే ఉన్నాం కదా, ఇక కళ్ళు మూసుకో. కొంచెం ఇటు జరుగు తల్లీ, అంచున పడుకోకు.